యూడైస్ ప్లస్‌ని ఎంతవరకు నమ్మొచ్చు? బెంగళూరు తెలుగువాళ్ల కోసం ఒక సమీక్ష

ఎసెసెల్సీ, అంటే కర్ణాటక పదో తరగతి పరీక్ష, ఫలితాలు వచ్చిన వారం కేఆర్ పురం నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఏ కూడలి చూసినా ఫ్లెక్సీలే. నూటికి నూరు శాతం ఫలితం అని పెద్దక్షరాలు, కింద వరసగా పాస్‌పోర్టు సైజు ఫోటోలు. ఆ నూరు ఎందులో నూరో మాత్రం ఎవరూ రాయరు. పరీక్ష రాసినవాళ్లలోనా? ఎనిమిదో తరగతిలో చేరినవాళ్లలోనా? మధ్యలో టీసీ చేతికిచ్చి పంపేసిన పిల్లలు ఈ లెక్కలో ఉన్నారా, లేరా? బడి ఆఫీసులో అడిగితే సూటిగా చెప్పేవాళ్లు తక్కువ. మామూలు మనిషి తనంతట తాను వెతుక్కోవడానికి చేతిలో ఉన్న ఉచిత సాధనం దేశంలోని బడుల లెక్కలన్నీ ఒకచోట పెట్టే, కేంద్ర విద్యాశాఖ నడిపే వెబ్‌సైట్ యూడైస్ ప్లస్. పిల్లల్ని ఏ బడిలో వేయాలా అని చూస్తున్న తల్లిదండ్రులకి, లేబర్ షెడ్ల పిల్లల్ని బడికి పంపే పనిలో ఉన్నవాళ్లకి అది ఎంతవరకు ఉపయోగపడుతుందో చెప్పడానికే ఈ సమీక్ష.

తేల్చి చెప్పాల్సింది ముందే చెబుతాం. ఏ బడిలో, ఏ తరగతిలో ఎంతమంది ఉన్నారో తెలుసుకోవడానికి యూడైస్ ప్లస్ భేషుగ్గా ఉంటుంది. చేరినవాళ్లలో ఎంతమంది చదువు పూర్తిచేశారు అని అడిగితే మాత్రం నేరుగా చెప్పదు. దాన్ని మనమే కట్టుకోవాలి. కట్టుకునేటప్పుడు కాలు జారే చోట్లు చాలా ఉన్నాయి.

ఇందులో జనం వాడుకోదగ్గవి రెండు. ఒకటి డ్యాష్‌బోర్డు: సంవత్సరం, రాష్ట్రం, జిల్లా ఎంచుకుంటే పట్టికలు వస్తాయి, ఎక్సెల్‌లో దించుకోవచ్చు. రెండోది 'నో యువర్ స్కూల్': ఒక్కో బడి వివరాలు విడిగా చూపిస్తుంది. ఈ రెండింటికీ లాగిన్ అక్కర్లేదు, రుసుము లేదు. ఫోన్‌లో తెరుచుకుంటాయి కానీ పట్టికలు పక్కకి జారిపోయి చిరాకు పెడతాయి. ల్యాప్‌టాప్ ఉంటే దాని ముందు కూర్చోవడం మేలు.

బడి వెతకడంతో మొదలుపెడదాం. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. మొదటి రెండు రాష్ట్రానివి (కర్ణాటక 29, ఆంధ్ర 28, తెలంగాణ 36, తమిళనాడు 33), తర్వాతి రెండు జిల్లావి, ఆ పైన రెండు బ్లాకువి, మూడు ఊరు లేదా వార్డువి, చివరి రెండు ఆ బడివి. కోడ్ తెలిస్తే అర నిమిషం పని. తెలియకపోతే పేరుతో వెతకాలి, అక్కడ తిప్పలు మొదలవుతాయి. కర్ణాటకలో సర్కారు బడులు ఊరి పేరుతో కాక జీఎల్‌పీఎస్, జీహెచ్‌పీఎస్, జీహెచ్ఎస్ అనే పొడి అక్షరాలతో నమోదై ఉంటాయి. మొదటిది చిన్న ప్రైమరీ, రెండోది హయ్యర్ ప్రైమరీ, మూడోది హైస్కూలు. ఊరి పేరు ఇంగ్లీషులో ఎలా రాశారో కూడా ఊహించాలి. ముళబాగిలుకే మూడు నాలుగు స్పెల్లింగులు కనిపిస్తాయి. అందుకని పిన్ కోడ్‌తో వెతకడం సుఖం. కేఆర్ పురానికి 560036, మారతహళ్లికి 560037, వైట్‌ఫీల్డ్‌కి 560066 కొడితే చుట్టుపక్కల బడులన్నీ వరసగా వస్తాయి. ఒకసారి దొరికాక కోడ్ రాసి పెట్టుకోండి, ముందుముందు అదే కావాలి.

బడి పేజీలో తరగతివారీగా పిల్లల సంఖ్య, టీచర్లు, గదులు, మరుగుదొడ్లు లాంటివి ఉంటాయి. మనకి కావాల్సింది మొదటిది. ఒకే కోడ్‌కి మూడేళ్ల వివరాలు తీసుకుని ఏటవాలుగా చదవాలి: 2022-23లో ఎనిమిది, 2023-24లో తొమ్మిది, 2024-25లో పది. ఒకే పిల్లల బృందం మూడు మెట్లు ఎక్కడం అలా కనబడుతుంది. ఒకే ఏడాదిలోని ఎనిమిది, తొమ్మిది, పది తరగతులని పక్కపక్కన పెట్టి చూడ్డం చాలామంది చేసే పొరపాటు. అవి మూడు వేర్వేరు బృందాలు.

మచ్చుకి అంకెలు వేసుకుందాం. ఒక హైస్కూల్లో తొమ్మిదిలో 120 మంది. ఆ తర్వాత బయటి నుంచి 10 మంది వచ్చి చేరారు, 16 మంది టీసీ తీసుకుని వేరే బడిలో చేరారు. అంటే లెక్కకి రావాల్సింది 114. పదో తరగతి పరీక్ష రాసింది 90 మంది, పాసైంది 81. ఫ్లెక్సీ మీద 90 శాతం అని పడుతుంది. 114 మీద వేస్తే 71. మిగతా 24 మంది పరీక్ష హాలు దాకా రానేలేదు. కొందరు తొమ్మిదిలోనే ఆగిపోయి ఉంటారు, కొందరు పనికి పోయి ఉంటారు. ఫలితం చెడగొడతారని కొందరి చేత ప్రైవేటుగానో ఓపెన్ స్కూల్ ద్వారానో కట్టించి ఉంటారు. ఏది ఎంత అన్నది యూడైస్ పేజీ చెప్పదు. వచ్చినవాళ్లూ పోయినవాళ్లూ కలిసిపోయి నికరం మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు ఈ రెండే అడగండి: నిరుడు తొమ్మిదిలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో మీ బడి నుంచే రెగ్యులర్‌గా ఎసెసెల్సీ ఎంతమంది రాశారు? పాస్ శాతం అడక్కండి. దాని ఫ్లెక్సీ ఎలాగూ గేటు మీద ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక. ఆంధ్రాలో హైస్కూలు అంటే ఆరు నుంచి పది. కర్ణాటకలో చాలా చోట్ల ఏడు దాకా హయ్యర్ ప్రైమరీ, ఎనిమిది నుంచి హైస్కూలు. ఎనిమిదిలో సంఖ్య ఒక్కసారిగా పెరిగితే అది బడి బాగుపడడం కాదు, చుట్టుపక్కల ప్రైమరీల నుంచి పిల్లలు వచ్చి చేరడం. అలాగే పక్క బడిలో ఏడో తరగతి తర్వాత సున్నా ఉంటే అందరూ మానేశారని బెంబేలు పడనక్కర్లేదు, ఆ బడి అక్కడికే ఉంది.

జిల్లా స్థాయికి వస్తే, కర్ణాటకలో రెవెన్యూ జిల్లాలు 31, విద్యా జిల్లాలు 35. బెంగళూరు నగరం సౌత్, నార్త్ అని రెండు. తుమకూరులో మధుగిరి, బెళగావిలో చిక్కోడి, ఉత్తర కన్నడలో శిరసి విడి విద్యా జిల్లాలు. తెలుగువాళ్లకి ఇది ఊరికే తెలుసుకోవాల్సిన సంగతి కాదు. పావగడ తుమకూరు జిల్లాలోదే, కానీ ఎసెసెల్సీ ఫలితాల్లో మధుగిరి కింద లెక్కకొస్తుంది. తుమకూరు శాతం చూసి పావగడ గురించి మాట్లాడేవాళ్లు వేరే ఊళ్ల గురించి మాట్లాడుతున్నట్టే.

దీనికి తోడు 2025లో కొత్త చిక్కు వచ్చిపడింది. రామనగర జిల్లా పేరు బెంగళూరు సౌత్ అయింది. బెంగళూరు రూరల్‌ని బెంగళూరు నార్త్‌గా, బాగేపల్లిని భాగ్యనగరగా మార్చాలని కూడా అదే ఏడాది మంత్రివర్గం నిర్ణయించింది. ఇక బెంగళూరు సౌత్ అని పట్టికలో కనబడితే అది జయనగర వైపుదో, మాగడి, కనకపుర వైపుదో పేరుని బట్టి తేలదు. పాత ఏడాది పట్టికతో పోల్చేముందు జిల్లా కోడ్ చూసుకోండి. పేరు మీద ఆధారపడితే ఎక్సెల్ తప్పు వరసలు కలిపేసి పెడుతుంది, అది తప్పని మీకు తెలియను కూడా తెలియదు.

రాష్ట్ర, దేశ స్థాయి అంకెల విషయంలో ఇంకా జాగ్రత్త. దేశంలో సెకండరీ డ్రాపౌట్, అంటే ఆ తరగతుల్లో చదువు మానేసినవాళ్ల శాతం, 2023-24లో ఎంత అని అడిగితే యూడైస్ ప్లస్ దగ్గరే రెండు జవాబులున్నాయి: 14.1 శాతం, 10.9 శాతం. రెండూ నిజమే. ఆ ఏడాది నివేదికలో సెకండరీ అంటే తొమ్మిది, పది. తర్వాతి ఏడాది నివేదికలో కొత్త విద్యావిధానం ప్రకారం సెకండరీ అంటే తొమ్మిది నుంచి పన్నెండు. పాత ఏడాదినీ కొత్త కొలతతో మళ్లీ లెక్కేస్తే 10.9 వచ్చింది, 2024-25కి అది 8.2కి దిగింది. 14.1 నుంచి 8.2కి పడిపోయిందని ఎవరైనా రాస్తే, గజం బద్దతో కొలిచినదాన్నీ మీటరు బద్దతో కొలిచినదాన్నీ తీసివేత వేసినట్టు. సరైన పోలిక 10.9 నుంచి 8.2.

దీనికంటే పెద్ద గండి 2022-23 దగ్గర ఉంది. అంతకుముందు బడులు తరగతివారీ మొత్తాలు పంపేవి. ఆ ఏడాది నుంచి ఒక్కో విద్యార్థి పేరుతో నమోదు మొదలైంది. సర్కారు బడిలో ఒకసారి, ప్రైవేటు బడిలో ఒకసారి లెక్కకొచ్చే పిల్లలు రాలిపోయారు. 2021-22లో 26.52 కోట్లున్న నమోదు మరుసటి ఏడాది 25.17 కోట్లకి, 2023-24లో 24.8 కోట్లకి వచ్చింది. కర్ణాటక సెకండరీ డ్రాపౌట్ 2021-22లో 15 శాతం లోపు, 2023-24లో 22 దాకా. రెండేళ్లలో బడులు అంతగా చెడిపోయాయని చదువుకోవడం తొందరపాటు. ఎంత భాగం నిజంగా మానేసినవాళ్లది, ఎంత భాగం లెక్క మారినందువల్ల వచ్చింది అన్నది విడదీయలేం. మా సలహా ఒకటే: 2022-23కి ముందు అంకెలు చరిత్ర కోసం ఉంచుకోండి, పోలికకి వాడకండి.

విద్యార్థి వర్గాలవారీ పట్టికలు ఈ సైట్లో అన్నిటికంటే ఎక్కువ ఆశ పెట్టేవి, అన్నిటికంటే ఎక్కువ పక్కదారి పట్టించేవి కూడా. ఆడ, మగ తేడా చూడ్డానికి ఇబ్బంది లేదు. జనరల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అని విడగొట్టిన పట్టికలనే రాష్ట్రం దాటించి వాడకూడదు. లంబాడీలు ఆంధ్ర, తెలంగాణల్లో ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు. బోయలు ఆంధ్ర మైదాన ప్రాంతంలో బీసీ-ఏ, సరిహద్దు దాటి బళ్లారి వైపు నాయక, వాల్మీకి పేరుతో ఎస్టీలు. రాయదుర్గంలో ఉన్న కుటుంబం, దాని వియ్యాలవారి కుటుంబం రెండు వేర్వేరు గడుల్లో పడతాయి. అలాంటప్పుడు ఆంధ్రాలో ఎస్టీ డ్రాపౌట్ ఇంత, కర్ణాటకలో ఇంత అని పక్కపక్కన రాస్తే మనం పోలుస్తున్నది ఒకే జనాన్ని కాదు. పట్టిక కింద ఈ మాట రాసి ఉండదు. రాయాల్సింది.

వలస కుటుంబాలతో ఇంకో ముడి ఉంది. ఆంధ్రా నుంచి తెచ్చుకున్న కుల ధ్రువపత్రం ఇక్కడి రాయితీలకి చెల్లదు, కర్ణాటక పత్రం అంత తేలిగ్గా రాదు. అడ్మిషన్ ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేసో, జనరల్ అని రాసో పని కానిచ్చేస్తే ఆ పిల్లవాడు పట్టికలో జనరల్ అయిపోతాడు. బెంగళూరు లాంటి నగరంలో ఇలాంటివాళ్లు కొద్దిమంది కాదు. నగరం బ్లాకుల్లో జనరల్ వర్గం పిల్లలు కూడా మానేస్తున్నారే అనిపిస్తే దీన్నీ గుర్తుపెట్టుకోవాలి. మాతృభాషవారీగా డ్రాపౌట్ పట్టికే లేదు. తెలుగు ఇళ్ల పిల్లలు బాగేపల్లిలో, శ్రీనివాసపురంలో ఎలా చదువుతున్నారో తెలుసుకోవాలంటే బ్లాకు నమోదు సంఖ్యలతోనే సరిపెట్టుకోవాలి, అవీ భాషతో విడగొట్టినవి కావు.

జీఈఆర్ అనే సూచిక (ఆ వయసు పిల్లల జనాభాతో పోలిస్తే బడిలో చేరినవాళ్ల శాతం) గురించి ఒక్క మాట: దానికి కింద వేసే జనాభా 2011 జనగణన మీద కట్టిన అంచనా. మహదేవపుర వైపు ఎలా పెరిగిందో చూసినవాళ్లెవరూ ఆ అంచనాని నగరానికి వాడరు.

పాస్ శాతాలు యూడైస్‌లో కాక పరీక్షల బోర్డు దగ్గర దొరుకుతాయి. రెండింటినీ కలిపి చూడాల్సిందే కాబట్టి వాటినీ ఒకసారి తడిమి చూద్దాం. ఎసెసెల్సీలో 2023లో 83.89 శాతం, 2024లో 73.40, 2025లో 66.14. పిల్లలు వెనకబడిపోయారని టీవీల్లో గగ్గోలు. జరిగింది వేరు. 2024లో పరీక్ష గదుల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ మొదలెట్టారు, మాస్ కాపీయింగ్‌కి అడ్డుకట్ట పడింది. ఫలితం మరీ పడిపోతుందని ఆ ఒక్క ఏడాదికి గ్రేస్ మార్కులు 20 శాతం దాకా పెంచారు. 2025లో కెమెరాలు ఉన్నాయి, ఆ గ్రేస్ లేదు. మూడేళ్లవి మూడు వేరే పరీక్షల కింద లెక్క. పైగా 2025కి 62.34 అనే అంకె కూడా పత్రికల్లో కనబడుతుంది. అది మళ్లీ రాసినవాళ్లనీ ప్రైవేటువాళ్లనీ కలిపింది, 66.14 రెగ్యులర్‌వాళ్లది. ఈ రెండూ మొదటి విడత అయిన పరీక్ష-1 తర్వాతివి. పరీక్ష-2, పరీక్ష-3లో పాసయ్యేవాళ్లు వీటిలో లేరు. 2025-26 నుంచి పాస్ కొలత మొత్తం మీద 33 శాతానికి, అంటే 625కి 206కి తగ్గింది, ఒక్కో సబ్జెక్టులో కనీసం 30 శాతం వస్తే చాలు. కాబట్టి ఆ తర్వాతి అంకె పెరిగినా సంబరపడే ముందు ఇది గుర్తుండాలి.

ఒకే ఏడాదిలో జిల్లాల మధ్య తేడా మాత్రం గట్టి అంకె, ఎందుకంటే అందరూ రాసింది ఒకే పరీక్ష. 2025లో దక్షిణ కన్నడ 91.12, కలబురగి 42.43. అమ్మాయిలు 74, అబ్బాయిలు 58. కల్యాణ కర్ణాటక జిల్లాల నుంచి, రాయలసీమ నుంచి ఒకే షెడ్లలోకి వచ్చి పడే కుటుంబాల పిల్లలతో పనిచేసేవాళ్లు ఈ రెండు తేడాలనీ కలిపి చూస్తే ఎవరి ఇంటికి ముందు వెళ్లాలో తెలుస్తుంది: కలబురగి, యాదగిరి వైపు నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి మగపిల్లలు. అలాగని ప్రాంతాన్ని బట్టి ముద్ర వేసెయ్యడమూ తప్పే. ఆంధ్రాలో 2025 పదో తరగతిలో పార్వతీపురం మన్యం 93.90తో మొదట నిలిస్తే అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64తో అడుగున ఉంది. రెండూ ఏజెన్సీ జిల్లాలే.

అమెరికాలో బంధువులున్నవాళ్లు అక్కడి బడుల గ్రాడ్యుయేషన్ రేటుతో మన పాస్ శాతాన్ని పోల్చి ఏదో ఒకటి అనేస్తుంటారు. ఆ పోలిక కుదరదు. అక్కడి లెక్క మన 114 మంది లెక్కలాంటిది: మొదటిసారి తొమ్మిదిలో చేరినవాళ్లకి వచ్చి చేరినవాళ్లని కలిపి, కాగితం మీద రుజువుతో వెళ్లిపోయినవాళ్లని తీసేసి, నాలుగేళ్లలో మామూలు డిప్లొమా తెచ్చుకున్నవాళ్లు ఎందరని చూస్తారు. రుజువు లేకుండా కనబడకుండా పోయినవాడు మానేసినట్టే లెక్క. సమానార్హత పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నా పూర్తిచేసినట్టు రాయరు. ఈ కొలతతో 2010-11లో దేశం మొత్తానికి 79 శాతం, 2021-22లో 87. వర్గాలవారీగా అదే ఏడాది ఆసియా, పసిఫిక్ దీవుల మూలాలవాళ్లు 94, తెల్లవాళ్లు 90, హిస్పానిక్ 83, నల్లవాళ్లు 81, స్థానిక ఇండియన్ తెగలవాళ్లు 74. పేరుపేరునా నమోదు వచ్చేసింది కాబట్టి మన దగ్గరా ఇలాంటి పట్టిక వేయడానికి కావాల్సిన సరుకు ఇప్పుడు ఉంది. పట్టికే ఇంకా లేదు. యూడైస్ ప్లస్‌కి మేం మార్కులు తగ్గించేది ప్రధానంగా ఇక్కడే.

మరో లోటు, పదో తరగతి తర్వాత. కర్ణాటకలో పీయూ కాలేజీలు (పదకొండు, పన్నెండు తరగతులవి, మన ఇంటర్ లాంటివి) చాలా వరకు హైస్కూలు నుంచి విడిగా ఉంటాయి, కోడ్ మారిపోతుంది, బడివారీ ఏటవాలు లెక్క అక్కడితో తెగిపోతుంది. ఐటీఐకో పాలిటెక్నిక్‌కో వెళ్లినవాళ్లు పదకొండులో కనబడరు. వాళ్లు చదువు మానలేదు, ఈ పుస్తకంలో లేరంతే. హైస్కూలు నుంచి పీయూకి ఎంతమంది వెళ్లారన్నది చూసి తీర్పు చెప్పేవాళ్లు వీళ్లని మరిచిపోతారు.

తల్లిదండ్రుల వైపు నుంచి చేయగల పని ఒకటుంది. ప్రతి విద్యార్థికీ ఇప్పుడు శాశ్వత విద్యా సంఖ్య ఉంటుంది, బడుల్లో పెన్ నంబర్ అంటారు. పిల్లవాడు బడి మారితే పాత బడి వెళ్లిపోయినట్టు నమోదు చేయాలి, అప్పుడు పేరు డ్రాప్‌బాక్స్ అనే చోటికి చేరుతుంది. కొత్త బడి పెన్ నంబర్, పుట్టిన తేదీ కొట్టి అక్కడి నుంచి తీసుకోవాలి. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వేసవిలో బెంగళూరు వచ్చేసి జూన్‌లో ఇక్కడ చేర్పించేవాళ్ల విషయంలో సరిగ్గా ఇక్కడే తేడా కొడుతుంది. పాత బడికి చెప్పకుండా వచ్చేస్తారు, లేదా టీసీలో పుట్టిన తేదీ ఒకటి, ఆధార్‌లో ఒకటి. కొత్త బడి గుమాస్తా విసిగిపోయి పిల్లవాడిని కొత్తగా నమోదు చేసేస్తాడు. పాత రికార్డు ఆంధ్రాలో మానేసినవాళ్ల లెక్కలో మిగిలిపోతుంది, కర్ణాటకలో కొత్త మనిషి పుడతాడు. తర్వాత తొమ్మిదిలో, పదిలో వివరాలు సరిచూసేటప్పుడు ఈ రెండు రికార్డులూ అడ్డం తగులుతాయి.

కాబట్టి ఊరు వదిలే ముందే టీసీతో పాటు పెన్ నంబర్ కాగితం మీద రాయించుకోండి, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూడండి, పాత బడి హెడ్మాస్టర్ పోర్టల్‌లో టీసీతో వెళ్లినట్టు నమోదు చేశారో లేదో అడగండి. ఇక్కడ చేరాక విద్యార్థుల నమోదుకి కర్ణాటక నడిపే సొంత వ్యవస్థ సాట్స్‌లో ఇంకో నంబర్ ఇస్తారు, ఎసెసెల్సీ దరఖాస్తుకి కావాల్సింది అదే. రెండూ ఒకే పేరు, ఒకే స్పెల్లింగుతో ఉండేలా ఎనిమిదో తరగతిలోనే సరిచేయించుకోండి. పదో తరగతి జనవరిలో బీఈఓ (బ్లాకు విద్యాధికారి) ఆఫీసు ముందు క్యూ ఎలా ఉంటుందో చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.